ఎడమకు తిరిగిన రాగితీగ

రిటైరయ్యాక మీ ఆయన ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే హాజరా, "ఈగలు కడ్తడు" అని చెప్పేది. అడిగినవాళ్ళు అర్థం కాక నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆమె విడమరిచి చెప్పేదీ కాదు. సింగపూర్‌లో జురాంగ్ వెస్ట్‌లోని వాళ్ళ ఫ్లాట్‌కు వచ్చినవాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. హాల్లో కిటికీ పక్కన చిన్న బల్ల. బల్ల అంచుకు, వస్తువును కదలకుండా పట్టి ఉంచే జానెడు వైసు. దాని దవడల మధ్య ఒక గాలపు కొక్కెం. చుట్టూ కుందేలు బొచ్చు, కోడి ఈకలు, రబ్బరు పోగులు, దారం కండెలు. వానపాముకు బదులు ఈకలతో దారంతో పురుగులాగా కట్టి చేపకు చూపించే ఎరను ఫ్లై అంటారు. ఫ్లై అంటే ఈగ. అందుకని హాజరా లెక్కలో ఫరూఖ్ ఈగలు కట్టేవాడు.

నిజానికి ఆయన ఈగ ఆకారం ఒక్కటి కూడా కట్టలేదు. కట్టిందల్లా ఒకే జీవిని. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ముప్పై ఏళ్ళు పంపులు, వాల్వులు బాగుచేసిన మనిషి. మధ్యలో రెండేళ్ళు ఆయన్నీ, ఆయనతో పనిచేసే ఏసుబాబునీ కంపెనీ అమెరికాలోని టెన్నెస్సీకి పంపింది. ఏసుబాబుది బాపట్ల. ఫరూఖ్‌ది మిర్యాలగూడ పక్క పల్లె. ఒకరు సముద్రం దగ్గర పుట్టారు, ఒకరు కాలవ దగ్గర పుట్టారు. ఇద్దరికీ నీళ్ళు చూస్తే కాలు ఆగదు. అక్కడ ప్లాంటు వెనక రాళ్ళ మీద పారే నది ఉండేది. అందులో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప, ఆ చేపకు ఇష్టమైన క్రాఫిష్. క్రాఫిష్‌ను మొదటిసారి చూసి ఫరూఖ్, "ఇది రొయ్యకూ ఎండ్రకాయకూ పుట్టిన బిడ్డ" అన్నాడట. ఆ మాట ఇంటిదాకా వచ్చి, దాని పేరు రొయ్యెండ్రి అయింది. చేప పేరు చిన్నమూతి అయింది.

రెండేళ్ళ తరవాత ఫరూఖ్ సింగపూర్‌కు తిరిగొచ్చాడు. ఏసుబాబు అక్కడే ఇంకో ఉద్యోగం చూసుకుని ఆ నది పక్కనే ఉండిపోయాడు. అప్పటినుంచి ఏటా చలి తగ్గి నది నీళ్ళు వేడెక్కే ముందు, పన్నెండు రొయ్యెండ్రులు ఫరూఖ్ చేతి నుంచి ఏసుబాబు చేతికి పోస్టులో వెళ్ళేవి. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. ఏసుబాబు వేళ్ళు లావు, దారం నిలవదు. "కడితే మీరు కట్టాలి భాయ్, పడితే నేను పట్టాలి" అనేవాడు ఫోన్లో.

ఫరూఖ్ కూతురు ఇరం. ముప్పై ఏళ్ళు దాటాయి. సింగపూర్‌లోనే వన్-నార్త్ అనే చోట ఒక ల్యాబులో పని. రోజంతా మైక్రోస్కోపు కింద సన్నటి పట్టకారుతో కంటికానని ముక్కల్ని కదుపుతుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఊరికి వెళ్తే వాళ్ళ దాదీ ఆ చేతి మీద చిన్నగా కొట్టి, పుర్ర చెయ్యి అని గొణిగేది. ఫరూఖ్ అడ్డం పడేవాడు. "మనం తాగి పెరిగింది సాగర్ ఎడమ కాల్వ నీళ్ళేనాయె అమ్మీ. బిడ్డ చెయ్యి ఎడమదైతే తప్పేంది?" ఆ మాటకు దాదీ కూడా నవ్వింది. చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. తినేది కుడిచేత్తో, కట్టేది ఎడమచేత్తో.

కట్టడం ఆమెకు పదేళ్ళప్పుడే నేర్పాడు. ఆదివారాలు క్రాంజీ రిజర్వాయర్‌కు తీసుకెళ్ళేవాడు. అక్కడ బతికున్న ఎర వెయ్యకూడదు, కట్టిన ఎర వెయ్యొచ్చు. చిన్నమూతులు లేవుగానీ తోక మీద నెమలికన్ను లాంటి మచ్చ ఉండే పీకాక్ బాస్ ఉండేవి. అవి కూడా రొయ్యెండ్రి అంటే ఎగబడేవి.

"ఇది భయపడితే ఎన్కకు పోతది," అని చెప్పాడు వైసులో కొక్కెం బిగిస్తూ. "తోకతోని నీళ్ళు కొట్టుకుంట ఎన్కకు ఉరుకుతది. చేప తినేది ఉరికేదాన్నే. అందుకని మనం దారం గుంజితే ఇది ఎన్కకే రావాలె. కొక్కెం కన్ను, అంటే దారం కట్టే బొక్క, దాని దగ్గర తోక. వంపు దిక్కు ఎండ్రకాయకున్నట్టి పటకార్లు. ఉల్టా కట్టినవనుకో, చేప నవ్వి పోతది."

"భయం లేకపోతే, అబ్బా?" అని తండ్రిని అడిగింది ఇరం.

"భయం లేకపోతే ముందుకే నడుస్తది. గానీ దాన్ని చూస్తే చేపకు ఆకలి గాదు."

ఆ తరవాత వీపు మీదుగా సన్నటి రాగితీగ చుట్టడం. అందమంతా ఆ తీగలోనే ఉంటుంది. ఫరూఖ్ చుడితే తీగ చుట్లు కుడి పక్కకు వాలేవి. ఇరం ఎడమచేత్తో చుడితే ఎడమ పక్కకు వాలేవి. "అద్దంల చూసినట్టున్నది" అని మురిసిపోయేవాడు.

ఏడాదిన్నర కిందట ఒక ఆదివారం, క్రాంజీ స్టేషన్‌లో రైలు దిగి, ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్న బస్సు ఎటు వస్తుందో తెలియక ఫరూఖ్ నిలబడిపోయాడు. డాక్టర్లు చాలా ప్రశ్నలు అడిగారు, గడియారం బొమ్మ గీయమన్నారు, తలకు స్కాన్ తీశారు. మతిమరుపు జబ్బు, నెమ్మదిగా ముదురుతుందన్నారు. ఆసుపత్రి బయట బస్‌స్టాపులో కూర్చుని ఆయన వచ్చిన బస్సులు రెండు పోనిచ్చాడు. తరవాత కూతురి వైపు చెయ్యి చాపాడు.

"ఒక మాటియ్యాలె, బేటా."

ఇరం అలవాటుగా ఎడమచెయ్యి ఆ చేతిలో పెట్టింది.

"మాటిచ్చేది గూడ పుర్ర చేత్తోనేనా?" అన్నాడు. ఆమె చెయ్యి మార్చింది. "నేను పేర్లు మరుస్త, తొవ్వలు మరుస్త, అన్నం తిన్నది మరుస్త. అవి మీ అమ్మీ చూసుకుంటది. గానీ నా కట్టుడు తప్పిననాడు నువ్వు చెప్పాలె. ఇంకొకరి నోటెంట నేను ఇనొద్దు. నువ్వు చెప్పినంక ఆ బల్ల ముట్టను."

"చెప్తా, అబ్బా."

ఆ తరవాత కిందటేటి డజను చక్కగానే వెళ్ళింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. మొదటిది కట్టడానికి రెండు రోజులు పట్టింది. పూర్తయ్యాక వైసు వదులు చేసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులోకి పట్టుకున్నాడు. "చూడు, ఎంత ముద్దుగున్నదో."

ఇరం చూసింది. పటకార్లు కొక్కెం కన్ను దగ్గర ఉన్నాయి. తోక వంపు వైపు ఉంది. నీళ్ళలో లాగితే ముందుకు నడిచే రొయ్యెండ్రి. నోరు తెరిచింది. ఆయన కళ్ళలో ఆ వెలుగు చూసి, "బాగుందబ్బా" అంది.

వంటింట్లో హాజరా ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "తప్పిందా?"

"ఉల్టా."

"చెప్పకు."

"మాటిచ్చిన, అమ్మీ."

"ఇచ్చినవు. ఎరుకే." కత్తి ఆగలేదు. "పన్నెండు కట్టుకోనీ. ఏసుబాబుకు ముట్టనీ. ఈ ఒక్క ఏడు. చెప్పినవనుకో, రేపు పొద్దున లేచి ఆ మనిషి ఏం జెయ్యాలె? గోడ చూసుకుంట కూసోవాల్నా?"

 శని ఆదివారాల్లో మధ్యాహ్నం జొహర్ నమాజు తరవాత ఫరూఖ్ గంటన్నర పడుకునేవాడు. ఆ గంటన్నరలో ఇరం బల్ల దగ్గర కూర్చుని, ఆయన కట్టినదాన్ని వైసులో బిగించి, బ్లేడుతో దారం కోసేది. ఆకారం తప్పినా ముడులు తప్పలేదు. బ్లేడు పెట్టినా తెగడానికి మొండికేసేవి. ఈకలు, బొచ్చు, తీగ ఊడదీసి, అదే కొక్కెం మీద తోక ఉండాల్సిన చోట తోక, పటకార్లు ఉండాల్సిన చోట పటకార్లు పెట్టి కట్టేది. ఊడిన ముక్కలు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి పెట్టింది.

మొత్తం పన్నెండులో తొమ్మిది తిరగబడ్డాయి. మూడు మాత్రం ఎలాగో చక్కగా కుదిరాయి. వాటి జోలికి వెళ్ళలేదు. పోస్టు చేసే ముందు రోజు పన్నెండూ వరసగా పెట్టెలో అమర్చి చూసింది. తొమ్మిదింటి రాగితీగ ఎడమకు వాలింది. మూడింటిది కుడికి. ఆ మూడూ వరసలో అడ్డదిడ్డంగా కనిపించాయి. ల్యాబులో ఒక ట్రేలో పెట్టినవన్నీ ఒకేలా ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. ఏసుబాబు అంకుల్ కూడా ఆగి అడుగుతాడని అనిపించింది. బ్లేడు తీసుకుని ఆ మూడూ కోసి, మళ్ళీ తన చేత్తో కట్టింది. సాయంత్రానికి పన్నెండూ ఒక్క తీరుగా వాలాయి. ఫరూఖ్ వచ్చి పెట్టె చూసి, మూత పెట్టి, పైన ఏసుబాబు పేరు తన చేత్తో రాశాడు. పేరులో ఒక అక్షరం తప్పిపోయింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ఏసుబాబు ఫోన్ చేశాడు. ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఖిచిడీ, ఖీమా తింటున్నారు. ఫరూఖ్‌కు చెవి కొంచెం మందం కాబట్టి హాజరా ఫోన్ చక్కెర డబ్బాకు ఆనించి స్పీకర్ పెట్టింది.

"సలాం, ఫరూఖ్ భాయ్. ఏం తింటున్నారేంటి, వాసన ఇక్కడిదాకా వస్తంది?"

"ఖిచిడీ. చిన్నమూతులు ఎట్లున్నయి?"

"మూతి ముడుచుకునే ఉన్నాయి. నీళ్ళింకా సరిగ్గా కాగలేదు. అయినా నిన్న రెండు పడ్డాయి, మీ రొయ్యెండ్రికే. ఒకటి మోచెయ్యంత ఉంది. అబద్ధమనుకుంటే మోచేతి కింద దాకా అనుకోండి."

"నీ మోచెయ్యి సంగతి నాకెరుకే."

ఏసుబాబు నవ్వాడు. "అది సరేగానీ భాయ్, ఈ వయసులో చెయ్యి మార్చారేంటి?"

"ఏం చెయ్యి?"

"రాగితీగ. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తన్నాను, మీ తీగ కుడికి వాలుద్ది. ఈసారి డజనుకి డజనూ ఎడమకి తిరిగింది. కళ్ళజోడు మార్చి మరీ చూశాను. పుర్రచెయ్యోళ్ళు కట్టినట్టుంది. శుభ్రంగా ఉన్నాయిలే, మీకంటే శుభ్రంగా ఉన్నాయి."

హాజరా చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. ఇరం పళ్ళెంలోకి చూస్తోంది. తండ్రి చూపు తన చేతుల మీదికి రావడం ఆమెకు తలెత్తకుండానే తెలిసింది. కుడిచెయ్యి ఖిచిడీలో ఉంది. ఎడమచెయ్యి నీళ్ళ గ్లాసు పక్కన ఉంది. ఆ చేతిని ఎక్కడ దాచాలో తెలియలేదు.

"కొత్తగ ట్రై చేసిన, ఏసూ," అన్నాడు ఫరూఖ్. "కుడిచెయ్యి జర నొస్తుండె."

"అదీ సంగతి. నూనె రాయించుకోండి వదినమ్మ చేత."

ఇంకో రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక ఎవరూ తినలేదు. ఫరూఖ్ వేళ్ళు పళ్ళెంలో కడిగేసుకున్నాడు.

"ఇంకొకరి నోటెంట ఇనొద్దంటిని," అన్నాడు. గొంతు పెంచలేదు.



"నేనే చెప్పొద్దన్న," అంది హాజరా. "తిడితే నన్ను తిట్టు."

"నువ్వు మాటియ్యలేదు గద." మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. "ఎన్ని తప్పినయి?"

"తొమ్మిది. ఉల్టా అయినయబ్బా."

ఆయన వేళ్ళ మీద నెమ్మదిగా లెక్క పెట్టుకున్నాడు.  "అంటే మూడు సక్కగొచ్చినయి."

"ఆఁ."

"ఆ మూడు ఏవి? అవి నావే గద. పెట్టెల ఉండాలె గద."

"అవి గూడ ఇప్పిన."

"ఎందుకు?"

"సెట్ మ్యాచ్ కాలేదని." చెప్తుంటేనే ఆ మాట ఎంత చిన్నదో ఆమెకు వినిపించింది. "తీగలు వేరేగ కనబడుతున్నయి. అంకుల్‌కు డౌట్ వస్తదనుకున్న."

ఫరూఖ్ తల ఊపాడు.  ఇరం లేచి వెళ్ళి బిస్కెట్ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. మూత తీశాడు. లోపల ఎర్రటి బొచ్చు, తెగిన దారాలు, రబ్బరు కాళ్ళు, అక్కడక్కడ రాగితీగ ముక్కలు. ఒక తీగ ముక్క బయటికి తీశాడు. కొక్కెం నుంచి ఊడదీసినా దాని చుట్లు పోలేదు, చిన్న స్ప్రింగులాగా ఉంది. కంటికి దగ్గరగా పట్టుకుని, వేలితో చుట్లు ఎటు తిరిగాయో తడిమాడు.

"ఇది నాదే," అన్నాడు.

ఆ ముక్కను మళ్ళీ డబ్బాలో వేసి, మూత పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఇరం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆయన బయటికి రాగానే ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకుంది. కాళ్ళు పట్టుకుందామనుకుంది. తలుపు తెరుచుకుంది. ఫరూఖ్ ముఖం కడుక్కుని, నమాజు చేసుకుని, పక్క మీద ముడతపడిన చొక్కాతో హాల్లోకి వచ్చాడు. గడియారం చూశాడు.

"ఏంది, ఈ ఆదివారం ఏసు ఫోన్ చెయ్యలేదు?"

హాజరా ఇరం వైపు చూసింది. ఇరం తల్లి వైపు చూసింది.

"చేస్తడు తియ్," అంది హాజరా మెల్లగా.

"చెయ్యకేం జేస్తడు. డజను పోలేదని కోపమొచ్చి ఉంటది. కాలం దాటుతున్నది. కూసో బేటా, ఇయ్యాల ఒకటన్న కడ్దాం."

పొద్దున జరిగిందంతా ఆయన దగ్గర లేదు. ఇరం దగ్గరే ఉంది. క్షమించమని అడగాలన్నా, ఆయనకు గుర్తుండాలి కదా. గుర్తుచేసి అడగడమంటే మళ్ళీ ఇంకోసారి అదే దెబ్బ కొట్టడం. ఆమె కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూర్చుంది.

ఫరూఖ్ కొక్కెం బిగించాడు. దారం మొదలుపెట్టాడు. ఆ చెయ్యి చూస్తే జబ్బు మనిషిదని ఎవరూ అనుకోరు. కండె గుండ్రంగా తిరిగింది, దారం పక్కపక్కనే పడింది. తరవాత కుందేలు బొచ్చు రెండు పాయలు తీసి, పటకార్లుగా చీల్చి, కొక్కెం మీదికి తెచ్చాడు. చెయ్యి గాలిలో ఆగింది. వంపు వైపు వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కన్ను దగ్గర ఆనించి, దారం చుట్టాడు.

హాజరా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇరం ఆమె కళ్ళలోకి చూడలేదు. 

"అబ్బా."

"ఊఁ."

"ఉల్టా అయింది."

దారం ఆగింది. ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. వేలితో పటకార్లను ముట్టుకున్నాడు, తరవాత వంపును ముట్టుకున్నాడు. ఎక్కడ తప్పో ఆయనకు దొరకలేదని ఇరంకు అర్థమైంది. అయినా ఆమె మాట నమ్మాడు.

"ఎప్పటిసంది?"

"ఫిబ్రవరి నుంచి."

"అట్లనా." కండె వదిలేశాడు. అది దారానికి వేలాడుతూ కాసేపు తిరిగి ఆగింది. ఆయన తన కుడిచెయ్యి చాపి, ఆమె తల మీద పెట్టాడు. "బస్‌స్టాపుల మాటిచ్చినవు. నిలబెట్టుకున్నవు. శాబాష్, బేటా."

ఇరం పెదవి కొరుక్కుంది. కాదబ్బా, నిలబెట్టుకోలేదు అని చెప్పాలనుకుంది. ఆ చెయ్యి తల మీద ఇంకా ఉంది. చెప్పలేదు.

"ఇగ చాలు," అన్నాడు. బల్ల మీది కత్తెర, సూది, కండెలు ఒక్కొక్కటే సర్ది పక్కకు పెట్టాడు, ప్లాంటులో షిఫ్టు అయిపోయాక పనిముట్లు సర్దినట్టు. వైసులో మిగిలిన దాన్ని మాత్రం ముట్టలేదు. "ఇది ఎటు పోతది మరి?"

"ముందుకు పోతది."

"భయం లేదు దానికి." కొంచెం నవ్వాడు. "ఇప్పకు దీన్ని. ఉండనీ. ఒక తీగ చుట్టి ముడెయ్యి. ముడెయ్యకుంటే ఊడిపోతది."

లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, వెనక నిలబడ్డాడు. ఇరం ఆ కుర్చీలో కూర్చుంది. అలవాటుగా ఎడమచెయ్యి రాగితీగ వైపు వెళ్ళింది. ఆ చేత్తో అయితే రెండు నిమిషాల పని. తీగ కొస ముట్టుకుని ఆగిపోయింది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచెయ్యి చాపింది. పొద్దున ఖిచిడీ తిన్న చెయ్యి. ఆ చేతికి తినడం తప్ప సన్నపని ఎన్నడూ తెలియదు. తీగ జారింది. మళ్ళీ పట్టుకుంది. ఒక చుట్టు వదులుగా పడింది, రెండోది దాని మీదికెక్కింది. మూడోది కుడికి వాలింది.

"గట్ల," అన్నాడు ఫరూఖ్ వెనకనుంచి. "ఉరకకు. మెల్లగ."